రోలింగ్ అత్తయ్య, రెండు అచ్చులు

ఆ రోజుల్లో ఒంగోలులో ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్ ఉండాలి. అది లేకపోతే కనీసం పళ్ళెమంత ఢిల్లీ అప్పడాలు, ప్లాస్టిక్ బకెట్లు, ‘రిబేటు’ అని ఎర్రక్షరాలతో రాసిన చీరల స్టాలు అయినా ఉండాలి. గోడకి బొమ్మలు తగిలించి, చూసి ఇంటికెళ్ళిపొమ్మంటే అది ఎగ్జిబిషన్ ఎలా అవుతుందో ఆ ఊరికి అప్పటికి తెలీదు. నాకు తెలుసని నేను అనుకునేదాన్ని. ఎందుకంటే నేను హైదరాబాదులో డిజైన్ కోర్సు చదువుతున్నాను. చీరాల మొత్తానికి డిజైన్ చదివే ఆడపిల్లని నేనొక్కదాన్నేనని నా నమ్మకం (ఎవరూ వెళ్ళి కనుక్కోలేదు, నేను అసలే కనుక్కోలేదు). భుజానికి గుడ్డసంచీ, వేళ్ళకి ఎప్పుడూ కాస్త రంగు, ఏది కనపడినా ఒక కన్ను మూసి బొటనవేలు చాచి కొలిచే అలవాటు. చీరాల నుంచి ఒంగోలు వచ్చే బస్సులో కండక్టరుని కూడా అలాగే కొలిచాను. ఆయన నా వేలు వంక చూసి, నేను దిగుతానంటున్నాననుకుని బస్సు ఆపించాడు. తెలిసిన వాటి మీద కొంచెం ధైర్యం, తెలియని వాటి మీద బోలెడు ధైర్యం ఉండే వయసు అది.

మా నాన్నకి చేనేత చీరల వ్యాపారం. నన్ను ఆ చదువుకి పంపింది కొత్త కొత్త అంచులు గీసి పెడతానని. కాలేజీలో మా మాస్టారు కూడా నేనేం గీసి చూపించినా "అంచు బాగుందమ్మా" అనేవారు. మనిషిని గీసినా అంచే, మబ్బుని గీసినా అంచే. పైకి నవ్వేదాన్ని గానీ లోపల కాలిపోయేది. నాకు ఒకటే కోరిక ఉండేది. ఎక్కడైనా సరే, ఏ ఊళ్ళోనైనా సరే, ఒక్కసారి నేను చేసిన బొమ్మ, చీర అంచు కాని బొమ్మ, గోడ మీద మేకుకి వేలాడాలి. నలుగురు దాని ముందు నిలబడాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదనుకునేదాన్ని, నిజంగానే.

ఆ ఎండాకాలం సెలవుల్లో కొన్నాళ్ళు ఒంగోలులో మా మేనత్త దగ్గర ఉన్నాను. మా ఇంట్లో పిల్లలందరికీ ఆవిడ రోలింగ్ అత్తయ్య, ఎందుకంటే ట్రంకు రోడ్డు వెనక సందులో ఆవిడకి చీరల రోలింగ్ షాపు ఉండేది. ఉతికిన నూలు చీరకి గంజి పెట్టి, తడి పూర్తిగా ఆరకముందే రెండు దుంగల మధ్య దూర్చి చక్రం తిప్పితే, చీర అవతలివైపు నుంచి అప్పుడే మగ్గం దిగినట్టు పెళపెళలాడుతూ వచ్చి గంపలో పడుతుంది. కింది దుంగ ఇనుపది. పైదానికి మందంగా గుడ్డ చుట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎందరెందరి చీరల రంగులు దిగి ఆ గుడ్డ ఏ రంగో ఎవరూ చెప్పలేని స్థితికి వచ్చింది. చక్రం తిప్పేది అత్తయ్యే. (మావయ్య కూడా షాపులోనే ఉండేవాడు, పేపరు చదువుతూ.) "నా చేతిలో ఇంతవరకు ఒక్క చీర పాడవలేదు" అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది. అది నిజం కూడా.

ఒక గురువారం పొద్దున్నే అత్తయ్యకి కబురందింది, కల్యాణ మండపంలో ఏదో ఎగ్జిబిషన్ పెట్టారని. మూఢం రోజులు కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, మండపం ఖాళీ. "చీరల వాళ్ళే అయ్యుంటారు. ఎంత రిబేటు ఇస్తున్నారో, గంజి పెట్టే ఇస్తున్నారో లేదో చూసి రావే. నువ్వు చదువుకున్నదానివి, నిన్ను అనుమానించరు" అంది. ఆ విధంగా నేను సమకాలీన కళ దగ్గరికి గూఢచారిగా వెళ్ళాను.

మండపంలో చీరలు లేవు. వెనకటి పెళ్ళి తాలూకు థర్మోకోల్ అక్షరాలు వేదిక మీద ఇంకా అలాగే ఉన్నాయి. వాటి కింద, చుట్టూ గోడల మీద, అద్దాల చట్రాల్లో నల్లని బొమ్మలు. నాతోపాటే వచ్చిన ఇద్దరు పొగాకు వ్యాపారులు లోపలంతా ఓసారి చూసి, స్టాళ్ళు ఎక్కడని వాచ్‌మన్‌ని అడిగి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఒక బొమ్మ ముందు ఆగిపోయాను. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు, వాటి మధ్య వంగిన ఒక ఆడమనిషి. ఎరుపు ఎక్కడా లేదు, అంతా నలుపే, అయినా కళ్ళు మండాయి. ఆ నలుపు కాగితం పైన ఉన్నట్టు లేదు, లోపలికి దిగి కూర్చున్నట్టుంది. బొమ్మ చుట్టూ కాగితం కొంచెం పల్లంగా ఒత్తుకుపోయింది. ఆ ఒక్కదానికీ అద్దం లేదు, వచ్చే దారిలో పగిలిందట. నేను ఆగలేక వేలితో తడిమాను. గీత వేలికి తగిలింది. గీతని ముట్టుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. కింద పెన్సిలుతో 3/15 అని ఉంటే, ఇంత బాగా వేస్తే పదిహేనుకి మూడు మార్కులే వేశారా అని ఆ మాస్టారెవరో ఆయన మీద కోపం కూడా వచ్చింది.

"ముట్టుకోకూడదమ్మా" అని వెనక నుంచి వినపడింది. అవన్నీ చేసిన ఆవిడే. విశాఖపట్నంలో పాఠాలు చెబుతుందట, పొట్టి జుట్టు, పెద్ద కళ్ళజోడు. నేను డిజైన్ స్టూడెంటునని చెప్పగానే మేడమ్ ముఖం వెలిగింది. పాపం, అప్పటిదాకా ఆవిడని అందరూ అప్పడాల గురించే అడిగారు. రేకు మీద సూదితో గీసి, ఆసిడ్‌లో ముంచి, ఇంకు పూసి, తడి కాగితం పెట్టి ప్రెస్సులో లాగుతారని ఓపిగ్గా చెప్పింది. 3/15 అంటే ఒకే రేకు నుంచి తీసిన పదిహేనులో మూడోదని చెప్పింది. పదిహేనూ ఒకేలా ఉంటాయట. అక్కడ నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "ఒక్కసారి గీస్తే చాలు, మిగతా పద్నాలుగు ఊరికే వచ్చేస్తాయి. అయితే ఇందులో కష్టమేముంది మేడమ్? మా ఇంట్లో డజను చీరలు ఒకే అంచుతో నేస్తారు" అన్నాను.

మేడమ్ కోప్పడలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే రెండు తీసుకురా" అంది.

"ఏం రెండు?"

"అచ్చులు. పదిహేను వద్దు, రెండే. రేకే కానక్కర్లేదు, చెక్క మీద కోస్తావో రబ్బరు మీద కోస్తావో నీ ఇష్టం. రెండూ ఒకేలా ఉండాలి. ఆదివారం సాయంత్రం ముగింపు. ఈ అద్దం పగిలినదాన్ని తీసేస్తాను, ఈ మేకు నీది."

"దానికేముంది మేడమ్" అన్నాను. ఈ మాట నా జీవితంలో చాలాసార్లు అన్నాను గానీ అంత బిగ్గరగా ఎప్పుడూ అనలేదు. మేకు వంక చూస్తూ బయటికి వచ్చాను. అత్తయ్య అడిగితే "రిబేటు లేదు" అని చెప్పాను.

చెప్పుల షాపులో అడుగుభాగానికి వేసే రబ్బరు షీటు ముక్క సంపాదించాను. శుభలేఖలు కొట్టే ప్రెస్సులో బతిమాలితే డబ్బా అడుగున మిగిలిన నల్ల ఇంకు ఇచ్చారు. ప్రెస్సు కోసం వెతకక్కర్లేదు. రెండు దుంగలు, మధ్య ఒత్తిడి, పక్కన చక్రం. అవన్నీ అత్తయ్య దగ్గర ఉన్నాయి. బొమ్మ కోసం కూడా వెతకక్కర్లేకపోయింది. చక్రం తిప్పుతూ నిలబడిన అత్తయ్య, నుదుటి మీద రూపాయి బిళ్ళంత బొట్టు, ముక్కుపుడక, నడుముకి దోపిన పైట. శుక్రవారమంతా బ్లేడుతో కోశాను. చెయ్యి తెగింది, పట్టించుకోలేదు. అత్తయ్య మధ్యమధ్యలో వచ్చి చూసి, "ముక్కు అంత లావా నాది?" అనేది. "కళలో కొంచెం పెంచాలి అత్తయ్యా" అనేదాన్ని.

శనివారం పొద్దున గిరాకీ మొదలవకముందే మొదటి అచ్చు తీశాం. పలక చెక్క మీద రబ్బరు పెట్టి, ఇంకు పూసి, తడి కాగితం పరిచి, పైన పాత దుప్పటి వేసి దుంగల మధ్య తోశాను. అత్తయ్య చక్రం తిప్పింది. అవతలివైపుకి పరిగెత్తి కాగితం కొసపట్టి లేపాను. నల్లగా, నిండుగా అత్తయ్య లేచి వచ్చింది. అంత అందమైన వస్తువు నా చేతుల్లోంచి అంతకు ముందు రాలేదు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది.

"ఏమే, నేను ఎప్పుడైనా కుడి భుజం మీద పైట వేశానా?"

చూశాను. నిజమే. రబ్బరు మీద నేను ఎడమ భుజం మీదే కోశాను. కాగితం మీదికొచ్చేసరికి బొమ్మ తిరగబడింది. అచ్చులో కుడి ఎడమ అవుతుందని మేడమ్ చెప్పే ఉంటుంది. ఆ సమయంలో నేను మేకు వంక చూస్తూ ఉండి ఉంటాను. మగ్గాల ఇంట పుట్టిన పిల్లని, పుట్టినప్పటి నుంచి చీరలు తప్ప ఇంకేం చూడనిదాన్ని, మా అత్తయ్యకి కుడి పైట వేయించాను.

"సేటుగారింటి ఆడాళ్ళు వేసుకుంటారు అట్లా. ఒంగోలంతా చూస్తే ఏమనుకుంటారే?" అంది.

"అది ఆధునికం అత్తయ్యా. ఇంకొకటి ఇలాగే రావాలి, అంతే" అన్నాను. నాకు మాటలు ఎప్పుడూ తక్కువ కాలేదు.

రెండోదానికి ఇంకు బాగా దట్టంగా పూశాను. మొదటిది బాగా వచ్చింది కదా, ఇది ఇంకా బాగా రావాలని (ఒకేలా రావాలి తప్ప బాగా రాకూడదని అప్పుడు తోచలేదు). చెక్కని దుంగల అంచున పెట్టి, నీళ్ళ పళ్ళెంలో నానుతున్న కాగితం తేవడానికి లోపలికి వెళ్ళాను. అత్తయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది, పని చేసేటప్పుడు చెమటకి జారిపోతుందని. అన్నీ సిద్ధమైపోయాయనుకుని చక్రం తిప్పేసింది. నేను కాగితంతో వచ్చేసరికి చెక్క అవతలివైపు ఉంది.

"ఏదే, రాలేదే?" అంది అత్తయ్య.

"కాగితం నా చేతిలోనే ఉంది అత్తయ్యా."

"మరి చెప్పొద్దూ?"

ఇంకు సగం పోయింది. ఎక్కడికి పోయిందో ఇద్దరమూ ఆలోచించలేదు. ఉన్నదానితోనే కాగితం పెట్టి మళ్ళీ లాగితే జ్వరం పడి లేచిన అత్తయ్య వచ్చింది. డబ్బా గీకినా ఇంకు రాలేదు, మూఢం కాబట్టి శుభలేఖల ప్రెస్సు సోమవారం దాకా తెరవరు. ఒకటి నలుపు, ఒకటి బూడిద. రెండూ ఒకటేననుకోవాలంటే మేడమ్ కళ్ళు మూసుకోవాలి. మేకు చేజారిపోయిందని అర్థమైంది. మధ్యాహ్నమంతా అన్నం తినకుండా వెనక గదిలో పడుకున్నాను. షాపులో చక్రం కిర్రుమని తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే ఆవిడ, అత్తయ్యకి పాత గిరాకీ. మర్నాడు చర్చిలో ప్రభుబల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. దానికి కట్టుకునే తెల్లచీర పొద్దున్నే రోలింగ్‌కి ఇచ్చింది. కాగితంలో చుట్టి ఇచ్చిన చీరని అలవాటు ప్రకారం అక్కడే ఒక మడత విప్పి చూసింది. తర్వాత ఇంకో మడత విప్పింది. చాలా మర్యాదగా అడిగింది.

"ఎవరండీ ఈవిడ?"

"ఎవరు?" అంది అత్తయ్య, కళ్ళజోడు కోసం తడుముకుంటూ.

"ఇదిగో, ఇక్కడ. ఇక్కడ కూడా ఉన్నారు. కొంగు దగ్గరికి పోయేకొద్దీ చిక్కిపోతున్నారు గానీ ఆవిడే."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుంది. చీర కొస పట్టుకుని చూసింది. "నేనే" అంది.

కాగితం లేకుండా తిప్పినప్పుడు ఇంకంతా పై దుంగ గుడ్డకి అంటుకుంది. ఆ గుడ్డ మీద ఉన్న మరకల్లో అదొక మరక, అందులోనూ అత్తయ్యకి అద్దాలు లేవు. ఆ తర్వాత దుంగల మధ్యకి ఎక్కిన మొదటి చీర టీచరమ్మదే. తడి చీర కింద నుంచి పోతుంటే దుంగ తిరిగిన ప్రతిసారీ ఒక అత్తయ్య దిగింది. మొదట కాటుకలా నల్లగా, పోనుపోను పలచబడుతూ, చివర కొంగులో ముక్కుపుడక, బొట్టు మాత్రమే మిగిలాయి.

"రేపు ప్రభువు ముందు ఇంతమంది మిమ్మల్ని కట్టుకుని ఎట్లా నిలబడనండీ?" అంది టీచరమ్మ. గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. కిరసనాయిలు పెట్టి రుద్దాం, కుంకుడుకాయ రసంలో ముంచాం. అత్తయ్యలు ఎక్కడివాళ్ళక్కడ స్థిరంగా ఉన్నారు. మా నాన్న అమ్మకానికి అక్కడ ఉంచిన సరుకులోంచి కొత్త మంగళగిరి తెల్లచీర తీసి, గంజి పెట్టి, దుంగ గుడ్డ మార్చి, రోలింగ్ చేసి అప్పటికప్పుడు ఇచ్చింది అత్తయ్య. టీచరమ్మ తీసుకుని వెళ్ళింది. అత్తయ్య స్టూలు మీద కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. "నా చేతిలో ఒక్క చీర పాడవలేదే" అంది, ఈసారి ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా. నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే పాడైన చీర మడతపెట్టబోయి ఆగాను. "అత్తయ్యా, పైట చూడు. ఎడమ భుజం మీదే ఉంది."

"నోర్ముయ్యవే" అంది. అంటూనే లేచి వచ్చి చూసింది. రబ్బరు మీద నుంచి గుడ్డకి ఒకసారి, గుడ్డ మీద నుంచి చీరకి ఇంకోసారి, రెండుసార్లు తిరగబడి సరైపోయింది. "అవునే. ఇదీ నేనంటే" అంది. ఇంకాసేపు చూసి, "ఎవరే ఆ మేడమ్? రేపు నేనూ వస్తా. మడిచి సంచీలో పెట్టు" అంది.

ఆదివారం సాయంత్రం నేను ఓడిపోయిన మొహంతోనూ అత్తయ్య పోట్లాటకి వెళ్ళే మొహంతోనూ మండపంలో అడుగుపెట్టాం. మేకు ఖాళీగా నాకోసం ఎదురుచూస్తోంది. "మా పిల్లకి పందెం కట్టింది మీరేనా?" అని అత్తయ్య నేరుగా మేడమ్ ముందుకి వెళ్ళి నిలబడింది. మేడమ్ అవునో కాదో చెప్పేలోపే చీర ఒక కొస ఆవిడ చేతిలో పెట్టి, రెండో కొస నా చేతికిచ్చి, "చూడండి మీ పందెం నా షాపుని ఏం చేసిందో" అంది.

తన చేతిలోని కొస అత్తయ్యకిచ్చి, చీర పొడవునా మేడమ్ నడిచింది. నలుపు నుంచి బూడిదకి, బూడిద నుంచి తెలుపుకి. మళ్ళీ వెనక్కి, తెలుపు నుంచి నలుపుకి.

"రెండు ఒకేలా తెమ్మన్నాను" అంది చివరికి.

"అవును మేడమ్."

"ఇన్ని తెచ్చావు. ఇందులో ఏ రెండూ ఒకేలా లేవు."

"అందుకే ఇన్ని తీశాం మేడమ్" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

మేడమ్ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "పందెం ఓడిపోయావు. కానీ దీన్ని మడిచి ఇంటికి పట్టుకుపోనివ్వను. ఆ కుర్చీ ఇటు లాగు" అంది. ఒక గోడ మీద ఉన్న తన బొమ్మలన్నీ దించేసి, నా మేకు దగ్గర మొదలుపెట్టి గోడ చివరిదాకా ఆ చీర కట్టింది.

ఎగ్జిబిషన్‌లో ఎట్టకేలకి చీర వచ్చిందన్న కబురు ఎలా పాకిందో గానీ గంటలో జనం నిండిపోయారు. ముందు రిబేటు అడిగారు. తర్వాత అడగడం మానేసి చూశారు. అత్తయ్య పోట్లాట సంగతి మర్చిపోయి చీర పక్కన నిలబడి, "ఇది నేను. ఇదీ నేనే. ఇక్కడ గంజి ఎక్కువైంది, అందుకే ముక్కు చెదిరింది" అని చెప్పసాగింది. ఎవరు చేశారని అడిగితే, "చక్రం తిప్పింది నేను, బొమ్మ కోసింది మా పిల్ల, చీర టీచరమ్మగారిది" అనేది. చర్చి నుంచి టీచరమ్మ కొత్త మంగళగిరి చీరలో, నలుగురిని వెంటేసుకుని వచ్చింది. చాలాసేపు చూసి, అత్తయ్య పక్కకి చేరి, "ఎంతైనా అది మా చీర కదండీ" అంది మెల్లగా.

"పాడైపోయిన చీర నేను గిరాకీకి ఇవ్వనండీ" అంది అత్తయ్య.

నేను స్తంభం వెనక నిలబడి ఇదంతా చూశాను. కుడి పైట అత్తయ్య, జ్వరం అత్తయ్య నా సంచీలోనే ఉండిపోయారు. నన్ను ఎవరూ పలకరించలేదు. అయినా నలుగురు కాదు, ఊరు ఊరంతా నా బొమ్మ ముందు నిలబడింది. అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదని చెబితే అబద్ధమవుతుంది గానీ, అలాంటి సంతోషం మాత్రం కలగలేదు.

బొమ్మలు సర్దుకుంటూ మేడమ్ పిలిచింది. "నీ కోర్సు అవగానే విశాఖ వచ్చెయ్యి, నా దగ్గర నేర్చుకుందువుగాని" అంది.

"ఇంకా నేర్చుకునేదేముంది మేడమ్?" అన్నాను. నిజంగానే అడిగాను.

"రెండోది" అంది మేడమ్.

ఆ రెండోదాని కోసం నాన్నని ఒప్పించి విశాఖ వెళ్ళాను. అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు నాకు సొంత ప్రెస్సు ఉంది. రెండు అచ్చులు పక్కపక్కన పెడితే ఏది ముందు తీశానో నేనే చెప్పలేను. చూసినవాళ్ళు చెయ్యి తిరిగిన పని అంటారు, నేనూ కాదనను. కానీ పని అంతా అనుకున్నట్టే కుదిరిన సాయంత్రాల్లో, కల్యాణ మండపంలో నిలబడి ఇంకా నేర్చుకునేదేముంది అని అడిగిన ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత తెలియక అడిగిందో, ఎంత నమ్మకంగా అడిగిందో. ఎదురుపడితే దాన్ని సరిదిద్దాలని నాకేం లేదు. బుగ్గ గిల్లి, ఇంకు కాస్త తక్కువ పుయ్యవే అని మాత్రం చెబుతాను. అది ఎలాగూ వినదు.